ఎంక్వైరీ పటం

నర్సీపట్నం అబీద్ సెంటరులో టిఫిన్ బళ్ల ముందు రెండో విడత ఊడుస్తున్న సింహాద్రమ్మకి, కూతురు పరిగెత్తుకుంటూ రావడం కనిపించింది. ఒక చెప్పు కాలికి ఉంది, తెగిన రెండోది చేతిలో ఉంది. ఇంకా తొమ్మిది కాలేదు గానీ ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది.

“అమ్మా, బేగి రాయే! ఆఫీసరు ఇయ్యాలే వొచ్చెత్తన్నాడంట. పదకొండుకి!”

“రేపన్నాడు కదే?”

“రేపు ఆయనకేదో మీటింగంట. దేవుళ్లు తాత సెప్పమన్నాడు. పటం మనింటికే అట్టుకొత్తన్నాడు, రా!”

సెలవన్న మాట వింటే మేస్త్రీకి ఒళ్లు మంట. “ఎల్లు, ఎల్లు. పూట కూలి కోత. ఎల్లేముందు ఆ కుప్ప ఎత్తీసి మరీ ఎల్లు” అన్నాడు. ఇడ్లీ ఆకులూ, చట్నీ కవర్లూ, ఎవరో కక్కిన కక్కూ కలిసిన కుప్ప అది. సింహాద్రమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తి బండిలో పోసి, బండి అంచుకి చేతులు తుడుచుకుని, కూతురి వెనకాల నడిచింది. కొయ్యూరు బస్సు ఎక్కడానికి నిలబడ్డ జనం ఆమె దగ్గరికి రాగానే అలవాటుగా పక్కకి జరిగారు.

రెల్లి కులంవాళ్లుండే రెల్లివీధిలో ప్రతి ఇంట్లోనూ, గుమ్మానికి ఎదురు గోడ మీద, ఇంచుమించు ఒకే ఎత్తులో ఒక మేకు ఉంటుంది. మామూలు రోజుల్లో దానికి చొక్కానో, సంచినో తగిలిస్తారు. కులం సర్టిఫికెట్టు ఎంక్వైరీ రోజున మాత్రం సింహాద్రి అప్పన్నస్వామి పటం ఎక్కుతుంది. వీధి మొత్తానికి అది ఒక్కటే పటం. దాని పేరే ఎంక్వైరీ పటం. ఎవరింటికి ఆఫీసరు వస్తే ఆ ఇంటికి స్వామి ముందుగా వెళ్లి కూర్చుంటాడు, ఆఫీసరు బండి సందు దాటగానే మళ్లీ దేవుళ్లు తాత ట్రంకుపెట్టెలోకి వెళ్లిపోతాడు.

ఆ పటం కొన్నది కూడా కాదు. మెయిన్‌రోడ్డు మీద ఎవరో మేడ కట్టుకుని, పాలరాయి పూజగది పెట్టుకుని, పాత దేవుడి పటాన్ని ఏం చెయ్యాలో తోచక ఒక వేపచెట్టు మొదట్లో వదిలేశారు. పారిశుధ్యం పని నుంచి అప్పటికింకా రిటైరు కాని దేవుళ్లు తాత అది చూశాడు. అద్దం ఒక మూల పగిలింది గానీ స్వామి బాగానే ఉన్నాడు. తెచ్చి, తుడిచి, తువ్వాల్లో చుట్టి దాచాడు. ఆ దేవుళ్లే ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని డోలక్ వాయిస్తాడు. ఊరు పారేసిన దేవుడు, ఊరు దగ్గరికి రానివ్వని వాళ్లకి ఆ విధంగా పనికొచ్చాడు.

చట్టం సంగతి ఆ వీధిలో బడి మొహం చూడని ముసలమ్మలకి కూడా తెలుసు. రెల్లి పిల్ల హిందువునంటే ఎస్సీ. అదే పిల్ల, అదే గుడిసె, అదే చీపురు, కానీ ఏసుప్రభువుని నమ్ముకున్నానంటే బీసీ-సి. చర్చి గుమ్మం తొక్కగానే కులం రాలిపోతుందని సర్కారు లెక్క. నిజంగా రాలిపోతే ఎంత బాగుణ్ణు! అందరికీ గాజుగ్లాసులో పోసే టీ బడ్డీవాడు సింహాద్రమ్మకి ఇప్పటికీ కాగితం గ్లాసులోనే పోస్తాడు. ఆవిడ ఏ దేవుడికి దండం పెడుతుందో అతను ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

సింహాద్రమ్మ కూతురు వరాలు అసలు పేరు వరహాలక్ష్మి. ఇంటరు మంచి మార్కులతో పాసయింది. విశాఖపట్నంలో నర్సింగు సీటు, ఎస్సీ కోటాలో వచ్చింది. రేపటిలోగా కులం సర్టిఫికెట్టు పెట్టకపోతే ఆ సీటు వరసలో తర్వాతి వాళ్లకి పోతుంది. మామూలుగా అయితే ఈపాటికి వచ్చేసేదే. కానీ ఎవడో పుణ్యాత్ముడు పిటిషన్ పడేశాడు, వీళ్లు చర్చికి పోయేవాళ్లు, వీళ్లకి ఎస్సీ ఎలా ఇస్తారని. అందుకని ఈ ఎంక్వైరీ.

నర్సు కావాలని ఆ పిల్లకి చిన్నప్పటి నుంచి పట్టుదల. ఒకసారి చెత్తలో గాజుపెంకు దిగి తల్లి చెయ్యి చీరుకుపోతే, ఆసుపత్రిలో ఒక నర్సమ్మ ఆ మురికి చేతిని తన చేతిలోకి తీసుకుని, ముక్కు చిట్లించకుండా కడిగింది. వరాలు పక్కనే నిలబడి చూసింది. ఆ రాత్రి అన్నం తింటూ, “అమ్మా, నాను అలగ అవుతాను” అంది. అప్పటినుంచి ఆ మాట మారలేదు.

వీళ్లు ఇంటికి చేరేసరికి రాజులమ్మ అప్పుడే లోపలుంది. ఆ వీధి చర్చిలో ఆడవాళ్లకి ప్రార్థన నేర్పేది ఆవిడే. గోడమీది కర్ర సిలువ తీసేసి, దాని చోట పడిన తెల్లటి మరక కనబడకుండా కిరాణాకొట్టు కేలండరు తగిలించింది. బైబిలుని గుడ్డలో చుట్టి బియ్యం డ్రమ్ములో మోచేతి లోతున కప్పెట్టింది. గుమ్మం మీది ‘ఏసే ఈ ఇంటి యజమాని’ స్టిక్కరుని వరాలు రాగానే గోళ్లతో గీకడం మొదలెట్టింది. అది సగం ఊడింది, సగం పోలేదు. దేవుళ్లు పటం మేకుకి తగిలించి, వెనక్కి జరిగి, కాస్త వంకరగా ఉందని మళ్లీ సర్దాడు.

“మావయ్యా,” అంది సింహాద్రమ్మ, “తప్పు కాదా ఇది?”

“తప్పే గదేటి. తప్పని నాకూ తెల్సు. మా మనవడికి ఉద్యోగం ఎలగొచ్చింది మరి? ఆ తప్పుతోనే.”

పాస్టరుగారిని కూడా ఆమె ముందురోజే అడిగింది. ఆయన మంచివాడే. ఆయన పిల్లలిద్దరికీ ఉన్నదీ ఆ సర్టిఫికెట్టే. “దేవుడు నీ గోడ చూడడమ్మా, నీ మనసు చూస్తాడు” అన్నాడు. ఆ మాట అంటున్నంతసేపూ నేల చూపులే చూశాడు పాపం.

సింహాద్రమ్మ మనసులో ఉన్నది వాళ్లెవరికీ పూర్తిగా తెలియదు. మొగుడు సూరన్న కామెర్లొచ్చి పోయేనాటికి వరాలు ఇంకా పాలు మరవలేదు. అప్పుడు వాళ్లుండేది మాకవరపాలెం దగ్గర అత్తవారి ఊళ్లో. చర్చి గొడవే తెలియదు. పదోరోజు తెల్లవారకముందే ఆడవాళ్లు ఆమెని చెరువుగట్టుకి తీసుకుపోయారు. మొహం నిండా పసుపు రాసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టి, చేతుల నిండా గాజులు వేశారు. ఆఖరిసారి కళ్లారా చూసుకోమన్నారు. ఆ తర్వాత ఆడపడుచు తల వంచి పట్టుకుంది, అత్త తడిగుడ్డతో నుదురు రుద్దింది. చర్మం లేచేలా రుద్దింది. గాజులు రాయి మీద కొట్టి పగలగొట్టారు. ఆనాటికి ఆమెకి నిండా ఇరవై రెండేళ్లు లేవు.

ఆ తర్వాత నర్సీపట్నం వచ్చి చీపురు పట్టింది. రోడ్లూడ్చే ఆడది పొద్దున్నే అందరికీ ఎదురుపడక తప్పదు. అందులోనూ విధవ. షాపు తాళం తియ్యబోయినవాడు ఆమెని చూసి తాళంచెవి మళ్లీ జేబులో వేసుకునేవాడు. పెళ్లిచూపులకి బయల్దేరిన కారు ఆగి, వెనక్కి తిరిగి, కాసేపాగి మళ్లీ బయల్దేరేది. “పొద్దున్నే దీని మొహమా!” అని వినబడేలాగే అనేవారు. ఆమె కొంగు కళ్లదాకా లాక్కుని, గోడవైపు తిరిగి ఊడ్చేది. తనకి చావన్నా రాదేమని చాలా రోజులు ఏడ్చింది.

రాజులమ్మ పిలవగా పిలవగా ఒక ఆదివారం చర్చికి వెళ్లి, చెప్పుల దగ్గర కూర్చుంది. కొన్నాళ్లకి అక్కడ భీమన్న అనే అతని కూతురికి పెళ్లి వచ్చింది. పిల్లకి తల్లి లేదు. రాజులమ్మ నేరుగా సింహాద్రమ్మ దగ్గరికి వచ్చి, పెళ్లికూతురి చెయ్యి పట్టుకుని నువ్వే నడిపించుకురా అంది. సింహాద్రమ్మ భయపడి తలుపు వెనక్కి పోయింది. “ఓలమ్మ, నాను ముండమోసినదాన్నత్తా! పిల్లకి కీడు.”

“ఇక్కడ ఆ లెక్క లేదే. నడు.”

నడిచింది. పెళ్లికూతురి చెయ్యి తన చేతిలో చెమట పట్టింది. ఆమె వస్తుంటే జనమంతా లేచి నిలబడ్డారు, ఎవరూ మొహం తిప్పుకోలేదు. ఆవేళ ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పడుకుని, తెల్లారేదాకా ఒళ్లెరగకుండా నిద్రపోయింది. కడుపు నిండినట్టుంది. మొగుడు పోయాక అలాంటి నిద్ర అదే మొదలు. ఆ నిండుదనం మర్నాటికి పోతుందనుకుంది, పోలేదు. ఏళ్లు గడిచినా పోలేదు. ఇప్పటికీ తన మొహం చూసి గుమ్మంలో నీళ్లు చల్లుకునేవాళ్లు ఉన్నారు. ఆమె కొంగు మాత్రం కళ్లదాకా లాక్కోదు. చర్చిలో నేర్చుకున్న పాట లోపల్లోపల పాడుకుంటూ రోడ్డు నడిమధ్యలో ఊడుస్తుంది. ఇల్లు పెంకుటిల్లు కాలేదు, కూలి పెరగలేదు, మోకాళ్ల నొప్పి తగ్గలేదు. ఆమె ప్రభువు వాటిలో దేనికీ పూచీ పడలేదు. కానీ తను మనిషినన్న సంగతి ఆయనే చెప్పాడని ఆమె నమ్మకం. అలాంటివాడిని ఇవాళ బియ్యం డ్రమ్ములో కప్పెట్టారు.

“ఇటు తిరుగు,” అంది రాజులమ్మ. చేతిలో పదిరూపాయల కుంకం పొట్లం, ఫేన్సీ షాపులో కొన్న డజను ఎర్రగాజులు. “మొహం బోడిగుంటే పట్టీసుకుంటాడు. హిందూ ఆడదానిలాగుండాల.”

రాజులమ్మ తాత కాలం నుంచీ చర్చి మనిషి. బొట్టు పెట్టుకుని ఎరగదు. ఆవిడ మొగుడు పోయినప్పుడు ప్రార్థన చేసి సమాధి చేశారు గానీ, నుదురు తుడిచినవాళ్లు లేరు. హిందూ ఆడది ఎలా ఉంటుందో ఆవిడకి తెలిసిందంతా టీవీ సీరియల్లోనే. ఎదురుగా ఉన్నది విధవన్న సంగతి ఆ హడావుడిలో తట్టక, అందులో అత్తగారు పెట్టుకునేటంత బొట్టు, రూపాయి బిళ్లంత, గుండ్రంగా దిద్దింది. గాజులు చేతికి ఆరేసి ఎక్కించింది.

అత్తా, నాలాంటిది పెట్టుకోకూడదే అని చెప్పడానికి సింహాద్రమ్మ నోరు తెరిచింది. అప్పుడే వరాలు స్టిక్కరు గీకడం ఆపి ఇటు చూసింది.

“అమ్మా! ఎంత బాగున్నావే!”

వరాలు తల్లి నుదుట బొట్టు చూడటం అదే మొదటిసారి. దగ్గరికొచ్చి, తల్లి గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి నవ్వింది. సింహాద్రమ్మ గోడకున్న పగుళ్ల అద్దంలోకి చూసుకుంది. అందులోంచి ఎవరో చిన్నది చూస్తున్నట్టనిపించింది. చెప్పాల్సిన మాట చెప్పలేదు. ఒక్క గంటే కదా అనుకుంది.

ఆఫీసరు గణేశ్వరరావు పదకొండు దాటాక వచ్చాడు. నలభై అయిదేళ్ల మనిషి. హెల్మెట్ తీసి చెమట తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, లంచం అడగడు. కొంతమందిలా గుమ్మం బయటే నిలబడి ముక్కు మూసుకోకుండా లోపలికొచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. గోడ వైపు చూసి, పగిలిన మూలని గుర్తుపట్టి చిన్నగా నవ్వాడు.

“స్వామివారు ఇక్కడికి వేంచేశారా! పోయిన నెల చివరింట్లో దర్శనమిచ్చారు.”

దేవుళ్లు గుమ్మం దగ్గర దగ్గాడు.

“సరేలే. ఏమ్మా, ఏ దేవుణ్ణి కొలుస్తారు మీరు?”

ఆ మాట రాత్రంతా అనుకుని అనుకుని ఉంచుకున్నదే. వరాలు రెండు చేతులూ ముడుచుకుని తల్లినే చూస్తోంది.

“అప్పన్నబాబునండి,” అంది సింహాద్రమ్మ. అన్నాక ఆమెకి బియ్యం డ్రమ్ము వైపు చూడటానికి మొహం చెల్లలేదు.

“బాగుంది. ఇదిగో చూడమ్మా, పిటిషన్ పెట్టినవాడు మొండిఘటం. ఉత్త రిపోర్టు రాస్తే పైకి పోతాడు. నువ్వు పటానికి హారతిస్తున్నట్టు ఒక ఫోటో జతచేస్తే నోరు మూసుకుంటాడు. ఇది నన్నెవరూ అడగలేదు, నీ పిల్ల కోసం నేనే చేస్తున్నాను.”

రాజులమ్మ పళ్లెంలో కర్పూరం వెలిగించి ఇచ్చింది. సింహాద్రమ్మ పళ్లెం తిప్పింది. గాజులు గలగలమన్నాయి. గణేశ్వరరావు ఫోనులో రెండు ఫోటోలు తీసి, ఒకసారి పెద్దది చేసి చూసుకుని, దరఖాస్తు కాగితం తిప్పాడు. ఒకచోట వేలు ఆగింది.

“తండ్రి సూరన్న. లేటు. లేటేంటి? ఈ పిల్ల తండ్రి లేడా?”

“లేడు బాబూ,” అన్నాడు దేవుళ్లు. “పోయి పదిహేనేళ్లు దాటింది.”

గణేశ్వరరావు సింహాద్రమ్మ నుదుటి వైపు చూశాడు, చేతుల వైపు చూశాడు, నెత్తి కొట్టుకున్నాడు.

“ఓసి మీ అసాధ్యం కూలా! మొగుడు పోయిన మనిషికి ఇంత బొట్టూ, ఎర్రగాజులూ ఎవరు పెట్టారమ్మా? ఏ పాతకాలపు హిందూ ఇంట్లోనైనా విధవ ఇలా హారతిస్తుందా? ఈ ఫోటో చూస్తే పిటిషన్‌గాడు పండగ చేసుకుంటాడు. వేషం వెయ్యడం కూడా రాదేంటర్రా మీకు!”

“ఓలమ్మ, నా బుర్రకి మన్నెట్ట!” అంది రాజులమ్మ.

“పర్వాలేదులే. తుడిచెయ్యమ్మా. గాజులు తీసెయ్. ఇంకో ఫోటో తీసుకుని వెళ్లిపోతాను. రెండు నిమిషాల పని.”

రాజులమ్మ గబగబా ఒక గుడ్డముక్క కుండలో ముంచి తెచ్చి సింహాద్రమ్మ చేతిలో పెట్టింది. చల్లటి గుడ్డ. ఆమె చెయ్యి నుదుటిదాకా లేచింది. అక్కడికి వచ్చాక ఆ చల్లదనం వల్లనో ఏమో, చెరువుగట్టు గుర్తుకొచ్చింది. అత్త రొప్పుతూ రుద్దడం, మెడ మీద ఆడపడుచు చెయ్యి బరువు, వంచిన తలకి కనిపించిన తన కాళ్లూ, కాళ్ల చుట్టూ గాజుముక్కలూ. చెయ్యి కిందికి దిగింది. గుడ్డ స్టూలు పక్కన పెట్టేసింది.

“నాను తుడవను బాబూ.”

గణేశ్వరరావుకి అర్థం కాలేదు. “ఏంటమ్మా?”

“తుడవనండి.”

“చూడు, నువ్వు చర్చికెళ్తావని నాకు తెలీదా? బొట్టు మీకు పట్టింపే కాదు కదా. పెట్టుకోవడానికి లేని బాధ తియ్యడానికేంటి?”

“అవునండి, నాకు బొట్టుతో పనిలేదు. సాయంత్రం ప్రార్థనకెల్లీముందు నానే కడిగీసుకుందును. మీరు తుడమంటే మాత్రం తుడవను.” పటం వైపు చెయ్యి చూపింది. “అప్పన్నబాబుని కొలుత్తానని అబద్దం ఆడీసినాను. పిల్ల కోసం ఆడినాను. దానికి నా దేవుడికి నాను సెప్పుకుంటాను. ఇది ఏరే సంగతి బాబూ. మొగుడు పోయినాడని ఒకపాలి నా నుదురు తుడిసినారు. ఆ తుడుపుతో నాను మడిసినని కూడా తుడిసిపెట్టీసినారు. కుక్కకన్నా ఈనంగా బతికినాను. ఎవులూ తుడవలేనిది ఒకటి ఆ సర్చిలో నాకు దొరికినాది. ఇప్పుడు నా సేత్తో నానే తుడుసుకుని, అవును నాను ముండమోపినే అని పొటోకి నిలబడితే, నాకింకేటి మిగుల్తాది?”

“మరి నన్నేం రాయమంటావు?”

సింహాద్రమ్మ బియ్యం డ్రమ్ము దగ్గరికి వెళ్లింది. గాజుల చెయ్యి మోచేతిదాకా పెట్టి, గుడ్డమూట పైకి తీసింది. గింజలు దులిపి, బైబిలుని మంచం మీద పెట్టింది.

“సూసింది రాయండి.”

“అంతపని సేసీసినావేటే!” అన్నాడు దేవుళ్లు. మేకు మీది పటాన్ని తియ్యాలో ఉంచాలో తెలియక చేతులు చాపి అలాగే నిలబడిపోయాడు.

గణేశ్వరరావు మంచం వైపు చూడకుండా మొహం తిప్పుకున్నాడు. నిజంగానే చెడ్డవాడు కాదు. “ఆ పుస్తకం నాకు కనబడలేదు,” అన్నాడు మెల్లగా. “నువ్వన్న మాటలూ నాకు వినబడలేదు. రేపే ఆఖరు రోజు. పిల్ల బతుకు పాడుచెయ్యకు తల్లీ. తుడిచెయ్.” మళ్లీ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

అంతసేపూ గుమ్మంలో కొయ్యలా నిలబడ్డ వరాలు అప్పుడు కదిలింది. స్టూలు పక్కనున్న తడిగుడ్డ తీసుకుంది. తల్లి ఎదుటికి వచ్చింది. కళ్లలో నీళ్లున్నాయి, వాటికంటే కోపం ఎక్కువగా ఉంది.

“ఒక్క పొటోయే అమ్మా. ఆ సీటు పోతే నానేటైపోవాల? నీ సీపురు నాకిచ్చెత్తావా?”

ఆ మాటకి జవాబు ప్రభువు దగ్గరైనా ఉందో లేదో సింహాద్రమ్మకి ఆ క్షణాన తెలియలేదు. కూతురి చెయ్యి పైకి లేచింది. గంట కిందట తన గడ్డం పట్టుకుని ఎంత బాగున్నావే అన్న చెయ్యి అది.

“తుడిత్తే నువ్వు తుడు,” అంది సింహాద్రమ్మ. “నాను తల ఒంచను.”

ఒంచలేదు. కళ్లూ మూసుకోలేదు. రూపాయి బిళ్లంత బొట్టుతో, కూతురి మొహంలోకి సూటిగా చూస్తూ నిలబడింది. పళ్లెంలో కర్పూరం ఆరిపోయి పొగ లేచింది. తల్లి నుదుటికి జానెడు దూరంలో వరాలు పిడికిలి బిగుసుకుని ఉంది. అందులోని గుడ్డ నుంచి నీళ్లు ఒక్కొక్క చుక్కా ఇద్దరి పాదాల మీదా పడుతున్నాయి.